తొమ్మిది చూపించి మాయమయ్యే సిగ్నల్

మళ్ళీ అదే కథ. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో మెటల్ డిటెక్టర్ తిప్పడానికి నాకు అనుమతి ఉన్న పొలం, దాని పైమూల, గట్టు పక్కన మేకులు విత్తినట్టుండే ఆ నేల చెక్క. మెషీన్ స్క్రీన్ మీద 9, కింద ఉన్నది ఏ రకం లోహమో చెప్పే అంకె అది. తూర్పు పడమరలుగా కాయిల్ (నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) ఊపితే ప్రతిసారీ 9, చిన్న శబ్దమే కానీ ఎక్కడా తెగడం లేదు. తొంభై డిగ్రీలు తిరిగి ఉత్తర దక్షిణాలుగా ఊపితే ఇనుముకు వచ్చే గుర్రు శబ్దం తప్ప ఇంకేం లేదు. తవ్వాను. గుంతలో ఏమీ లేదు, పెళ్లలో ఏమీ లేదు, పక్కన పోసిన మట్టిలో ఏమీ లేదు. ఈ చెక్కలో ఈ సీజనంతా ఇదే తంతు, కానీ ఈసారి సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందంటే ‘ఏదో తుప్పులే’ అని వదిలేసి రావడానికి మనసు ఒప్పలేదు.

దొరికినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: మూడో హెన్రీ కాలపు సగం పెన్నీ ఒకటి, 0.68 గ్రాములు, శిలువ గీత వెంబడి చక్కగా కోసింది. అరిగిపోయిన 1799 హాఫ్‌పెన్నీ ఒకటి. సీసపు గుండ్లు కొన్ని. ఫొటోలు, గ్రిడ్ రిఫరెన్సులు ఫైండ్స్ లియేజాన్ ఆఫీసర్‌కి (ఇలా దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారి) పంపాను. అంతే.

ఇక అసలు గొడవకొద్దాం. నేను వెతుకుతున్నది, ఆ 9 అదేనని అనుకుంటున్నది, పావు పెన్నీ. పదమూడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్నది దాదాపుగా పెన్నీ ఒక్కటే, చిల్లర కావాలంటే దాన్నే రెండు ముక్కలుగానో నాలుగు ముక్కలుగానో కోసేవారు. 1247లో వచ్చిన లాంగ్ క్రాస్ పెన్నీ మీద శిలువ అంచుల దాకా ఉంటుంది కాబట్టి కోతకు అదే గీత. 1279 తర్వాత ఒకటో ఎడ్వర్డ్ గుండ్రటి ఫార్దింగులు (పావు పెన్నీ నాణేలు) తెచ్చాక ఈ కోత పని తగ్గిపోయింది. మొత్తం పెన్నీ బరువే 1.4 గ్రాములు, అందులో పావంటే 0.35 గ్రాము, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. సగం పెన్నీ దొరికిన చోట పావు కూడా ఉండాలని నా ఆశ. 1840ల టైత్ మ్యాపులో (చర్చి పన్ను కోసం గీసిన భూముల పటం) సరిగ్గా అక్కడ చిన్న ఇల్లొకటి గీసి ఉంది, తర్వాతి ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే) మ్యాపులో లేదు. ఇల్లు పోయింది, దాని మేకులు మాత్రం మిగిలాయి. నా ఏడుపంతా ఆ మేకులతోనే.

సెట్టింగులు: మెషీన్ ఈక్వినాక్స్ 800, మోడ్ ఫీల్డ్ 2, 6 అంగుళాల కాయిల్, సెన్సిటివిటీ 20, రికవరీ (ఒక సిగ్నల్ నుంచి పక్కదాన్ని ఎంత త్వరగా విడదీస్తుందో) 6, ఐరన్ బయాస్ ఎఫ్2 (అనుమానపు సిగ్నల్‌ను ఎంతవరకు ఇనుముగా కొట్టేస్తుందో) సున్నా. స్క్రీన్ మీద లోతు చూపే గీతలు రెండు. పైన పది సెంటీమీటర్ల మట్టి ఎండి గట్టిగా ఉంది, కింద తేమ, మధ్యమధ్య చెకుముకి రాళ్లు. పెళ్ల 22 సెంటీమీటర్ల వెడల్పు, 18 లోతు తీశాను. పెళ్లను తిరగేసి కాయిల్ తిప్పితే గుర్రు. గుంత మీద తిప్పినా గుర్రు. పిన్‌పాయింటర్ (చేత్తో పట్టుకుని దగ్గరగా వెతికే చిన్న డిటెక్టర్) పెడితే పెళ్లలో నాలుగు చోట్ల మోత, నాలుగు చోట్లా మేకులే. అవి తీసేశాక మళ్ళీ తిప్పితే నిశ్శబ్దం. 9 మాత్రం ఎక్కడా లేదు.

నాకు తోచిన కారణాలు కొన్ని ఉన్నాయి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. మొదటి అనుమానం మేకు కొన మీదే. పడుకున్న మేకు మీద కాయిల్ దాని పొడవునా వెళ్తే కొనల దగ్గర మంచి లోహంలా అబద్ధం చెప్తుందని తెలిసిందే, అడ్డంగా తిరిగితే అబద్ధం పోతుంది. నాకు జరిగింది అచ్చం ఇలాగే ఉంది కదా అంటారు. కానీ మేకు అబద్ధానికి నిలకడ ఉండదు, 12 అంటుంది, 25 అంటుంది, మళ్ళీ ఇనుముకు చూపే మైనస్ అంకెల్లోకి దూకుతుంది. ఇది 9 దగ్గరే కూర్చుంది. రెండోది కోక్ బొగ్గు. అది ఈ చెక్కలో ఉంది, కానీ నా మెషీన్‌లో 1 నుంచి 4 మధ్యే పలుకుతుంది, పైగా ఏ దిక్కు నుంచి ఊపినా పలుకుతుంది. మూడోది తుప్పు చుట్టూ మట్టిలోకి ఇంకిన ఇనుము, తవ్వగానే చెదిరిపోయి సిగ్నల్ పోతుందని చాలామంది అంటారు. ఉండొచ్చు, అయితే అది 9 ఎందుకు చూపిస్తుందో ఎవరూ చెప్పరు. నాలుగోదే నా నమ్మకం: నాణెం అక్కడే ఉంది, నేను కదిలించడంతో మేకు చాటుకు వెళ్లింది.

ఊరికే నమ్మకం అంటే సరిపోదని ఇంట్లో టబ్బు పరీక్ష పెట్టాను. పెద్దాయనను అడిగి (రైతును మేమందరం అలాగే అంటాం) అదే చెక్క మట్టి తెచ్చి, అయస్కాంతంతో ఇనుమంతా ఏరి, 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో నింపాను. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. డీలర్ దగ్గర కొన్న పావు పెన్నీ ఒకటి ఉంది, 0.34 గ్రాము. మేకు ఆ పొలంలోదే, కమ్మరి కొట్టిన నాలుగు పలకల మేకు, 5.5 సెంటీమీటర్లు.

నాణెం ఒక్కటే, బల్లపరుపుగా: 10 సెంటీమీటర్ల దగ్గర 8 లేదా 9, హాయిగా. 13 దగ్గర ఒక వైపు నుంచి మాత్రం చిన్న కిచకిచ. 15 దగ్గర శూన్యం. 11 అంగుళాల కాయిల్‌తో 13 దగ్గర అంకెలు గెంతులేశాయి. పొలంలో 9 నిలకడగా వచ్చిందంటే అది పదికి అటూఇటూగానే ఉండాలని దీన్నిబట్టి అనుకుంటున్నాను.

నాణెం 7 సెంటీమీటర్ల లోతున, అదే లోతున 3 సెంటీమీటర్లు పక్కన మేకు: రెండింటినీ కలిపే గీత వెంబడి ఊపితే ఇనుమే. ఆ గీతకు అడ్డంగా ఊపితే 8, 9. అంటే పొలంలో చూసిందే! రికవరీ 4కి దించితే అడ్డంగా కూడా సగంసార్లే పలికింది, 7కి పెంచితే శబ్దం కురచగా వచ్చినా ప్రతిసారీ వచ్చింది. ఎఫ్2ని 4 చేస్తే పూర్తిగా పోయింది. ఇనుపచెత్తలో ఐరన్ బయాస్ పెంచి తిరిగేవాళ్లకు రోజు ప్రశాంతంగా గడుస్తుంది, నిజమే, చిన్న వెండి కూడా అంత ప్రశాంతంగానే నేలలో ఉండిపోతుంది.

ఇప్పుడు మేకును నాణేనికి సరిగ్గా 3 సెంటీమీటర్లు పైన పెట్టాను. ఏ దిక్కు నుంచి ఊపినా, ఏ సెట్టింగ్‌లోనైనా, ఏ కాయిల్‌తోనైనా ఒక్క కిచకిచ లేదు. పెళ్లి బ్యాండు పక్కన నిలబెట్టి చెవిలో గుసగుసలాడినట్టు. ఇది మెషీన్ తప్పు కాదు, ఇంత పల్చటి ముక్క పంపే సిగ్నల్ అంత ఇనుము కింద నుంచి వేరుపడి రాదు.

ఇంకొకటి కూడా తేలింది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. మేకు పక్కన ఉన్నప్పుడు శబ్దం గట్టిగా వచ్చే చోటు నాణెం మీద ఉండదు, మేకుకు దూరంగా జరుగుతుంది. టబ్బు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి కొలిస్తే 4 సెంటీమీటర్లు, ఒకసారి 5 కూడా వచ్చింది. మేకు వైపు భాగాన్ని ఇనుము మింగేస్తుంది, మనకు వినపడేది అవతలి అంచే. అలాంటప్పుడు 22 సెంటీమీటర్ల పెళ్లకు మధ్య అని నేను గుర్తుపెట్టింది అసలు మధ్య కాకపోవచ్చు. ఒకే మేకైతే నాణెం ఇంకా పెళ్లలోనే ఉండాలి, కానీ అక్కడ నాలుగు మేకులున్నాయి, జరుగుడు ఎంతో లెక్కకట్టలేం. నాణెం గుంత గోడలో ఉండిపోయి ఉండొచ్చు. గుంత మీద తిప్పాను కదా అంటే, 6 అంగుళాల కాయిల్ 22 సెంటీమీటర్ల గుంతలో పడుతుంది కానీ గోడకు తిప్పి ఊపడానికి చోటుండదు, పైనుంచి ఊపితే గోడలోని ముక్క కాయిల్ అంచు కింద పడుతుంది, నాది డీడీ రకం కాయిల్, దాని అంచుకు చూపు తక్కువ.

పిన్‌పాయింటర్‌కి కూడా పరీక్ష పెట్టాను. గారెట్ క్యారెట్, నేను వాడినవాటిలో దీన్ని మించింది లేదు, పడేసినా తడిపేసినా పనిచేస్తుంది. పావు పెన్నీ బల్లపరుపుగా ఉంటే 2 సెంటీమీటర్ల దూరం నుంచి పట్టింది, అంచు మీద నిలబెడితే సెంటీమీటరు లోపలికి వస్తే గానీ పలకలేదు. పైగా దానికి ఇనుమూ వెండీ ఒకటే. నాలుగు మేకుల మోతలో పక్కనున్న పల్చటి ముక్క మోత వేరేగా ఎలా తెలుస్తుంది?

అందుకని మొన్న అయస్కాంతం పట్టుకెళ్లాను, పెద్ద నియోడిమియం. వెండి అంటుకోదు, మేకులూ తుప్పు పెచ్చులూ అంటుకుంటాయి. మట్టినంతా పట్టా మీద పోసి, పెళ్లలు చేత్తో నలిపి, అయస్కాంతం తిప్పి, ఆ తర్వాత డిటెక్టర్. చెత్త చాలా వచ్చింది. 9 రాలేదు. జల్లెడ పడదామంటే తడి బంకమట్టి 6 మిల్లీమీటర్ల జల్లెడలో ముద్దలుగా అతుక్కుపోయింది. ఒక బకెట్ ఇంటికి తెచ్చి, ఆరబెట్టి, నలిపి జల్లించాను. ఇటుక ముక్కలు, బొగ్గు, మట్టి పొగగొట్టపు కాడ ఒకటి. నాణెం లేదు. దీంతో నా అనుమానమంతా గుంత గోడ మీదికే పోతోంది.

ఇంకో తిప్పలు, కొయ్యకాళ్లు. గోధుమ కోసిన పొలం, దుబ్బులు కాయిల్‌ను నేలకు 5, 6 సెంటీమీటర్లు పైకి లేపేస్తాయి. 10 సెంటీమీటర్ల లోతున్న నాణెం కాయిల్‌కి 16 దూరం అవుతుంది, టబ్బు లెక్కలో అది శూన్యం కిందే జమ. మరి 9 ఎలా పలికిందంటే ఆ గట్టు పక్కన ట్రాక్టరు తిరిగిన చోట దుబ్బులు నలిగిపోయాయి. మిగతా చెక్కంతా అసలు వెతికినట్టే కాదన్నమాట. యూట్యూబ్‌లో గాల్లో నాణెం ఊపి ‘చూడండి 30 సెంటీమీటర్లు’ అనేవాళ్లను ఇక్కడికొచ్చి ఒక పూట తిరగమనాలి.

మెషీన్ మార్చమని సలహాలొచ్చాయి. డ్యూస్ 2కి ఇనుములో మంచి పేరుంది, చేతికి తేలిక, ఒప్పుకుంటాను, ధర చూస్తే మాత్రం నాకు మింగుడు పడదు. పెట్టే డబ్బుకు తగ్గ పని చేసేది నా లెక్కలో నోక్టా లెజెండ్. స్నేహితుడి దగ్గర ఒకటుంది, టబ్బు మీద తిప్పుదామన్నాడు. మేకు నెత్తిన కూర్చున్నప్పుడు అదీ మూగబోతుందనే నా పందెం.

ఊళ్లో మావాళ్లు అడుగుతుంటారు, సెలవుల్లో వచ్చేటప్పుడు మెషీన్ తీసుకురా, కొండవీడు కోట దగ్గర తిప్పుదాం అని. తేను. ఇక్కడ పొలం యజమాని సరేనంటే, రక్షిత స్థలం కాకపోతే చాలు, నిధి అనదగ్గది దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కి (నిధుల విచారణ కూడా చూసే అధికారి) చెప్పాలి. మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి, నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, రక్షిత కట్టడాల దగ్గర తవ్వకం నేరం. అసలే గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లు పెళ్లగించేవాళ్లున్నారు, వాళ్ల చేతికి ఇలాంటి మెషీన్లు పోవడం నాకు ఇష్టం లేదు. కోటిలింగాలలో శాతవాహన శ్రీముఖుడి నాణేలు దొరికాయి కాబట్టే ఆ చోటికి అంత విలువ వచ్చింది, అవే ఎవరి జేబులోనో తేలి ఉంటే ఎక్కడివో కూడా తెలిసేది కాదు.

తర్వాతి పని. పెద్దాయన ఈ నెలాఖరులో దున్ని రోలర్ తోలిస్తానన్నాడు, విత్తనం వేసేలోపు మధ్యలో కొన్ని రోజులు ఖాళీ. రోలర్ తోలిన నేల మీద కాయిల్ దాదాపు మట్టిని రాసుకుంటూ పోతుంది. ఆ చెక్కను మీటరు గళ్లుగా తాళ్లు కట్టి, రికవరీ 7, ఎఫ్2 సున్నా పెట్టి, రెండు దిక్కులా నడుస్తాను. 9 పలికితే పెళ్ల 35 సెంటీమీటర్ల వెడల్పు, తీసే ముందే పైపొర మూడు నాలుగు సెంటీమీటర్లు గీకి మేకులు అయస్కాంతంతో ఏరి, మళ్ళీ తిప్పి, మళ్ళీ గీకి, అలా పొరలుపొరలుగా. దున్నకంలో నాణెం ఎటు జరుగుతుందో తెలియదు, పాత గుంత చోటు దొరుకుతుందన్న ఆశ కూడా పెద్దగా లేదు, అయినా మేకులు జరిగినా లాభమే కదా, ఇప్పటిదాకా చాటున ఉన్నవి కొన్ని బయటపడొచ్చు.

ఈలోపు తూర్పు గాలి గట్టిగా వీస్తే ఒకరోజు కెంట్ తీరంలోని డీల్ బీచ్‌కి పోవాలని ఉంది. ఆ ఎదురుగా గుడ్విన్ ఇసుక తిన్నెల మీదే 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ మునిగింది, ఈస్టిండియా కంపెనీ ఓడ, మన మద్రాసు ప్రెసిడెన్సీకి 1808 నాటి పది కాసుల, ఇరవై కాసుల రాగి నాణేలు మోసుకొస్తూ. అవి కొట్టింది బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో, నాకు దొరికిన ఆ 1799 హాఫ్‌పెన్నీ కూడా అక్కడిదే. ఓడ ఉన్న చోటు రక్షితం, దాని జోలికి పోయేది లేదు. ఒడ్డున అలాంటిదేమైనా కనపడితే 28 రోజుల్లో రిసీవర్ ఆఫ్ రెక్‌కి (మునిగిన ఓడల వస్తువుల సంగతి చూసే అధికారి) చెప్పాలి. దొరుకుతుందని కాదు, డీల్‌లో అంతా గులకరాళ్లే, అక్కడ 6 అంగుళాలది పనికిరాదు, 11 కాయిల్ మీద కవర్ పగిలింది, ముందు అది కొనాలి.