మెట్ల కింది గది

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి ఉత్తరంగా ఫ్లోరిసెంట్ అనే ఊళ్లో పునీత ఫెర్డినాండ్ పేరిట ఒక పాత గుడి ఉంది. దాని పక్కనున్న మఠంలో మెట్ల కింద ఒక ఇరుకైన అర కనిపిస్తుంది. మన ఇళ్లలో అయితే చీపుళ్లూ, పాత డబ్బాలూ, వానాకాలపు గొడుగులూ పడేసుకునే చోటు అది. ఇంచుమించు రెండు వందల ఏళ్ల కిందట ఆ మఠానికి పెద్దగా ఉన్న రోజ్ ఫిలిప్పీన్ దుషేన్ అనే కన్యాస్త్రీ రాత్రుళ్లు పడుకున్నది అక్కడేనని చూపిస్తారు. ఆరు నెలలు మా దగ్గర ఉండి వెళ్దామని గుంటూరు నుండి వచ్చిన మా అమ్మను అక్కడికి తీసుకువెళ్లాను. సిస్టరమ్మల బడిలో చదువుకున్న మనిషి కనుక, మఠం అంటే ఎట్లా ఉంటుందో ఆమెకు ఒక లెక్క ఉంది. వంగి లోపలికి తొంగి చూసి, "కాళ్లు చాపుకునేది ఎట్టానే ఇక్కడ?" అంది. కాసేపటికి, "ఆవిడకి ఇంగ్లీషు వచ్చా?" అని అడిగింది. ఎన్నేళ్లున్నా సరిగా పట్టుబడలేదని చెప్పాను. "మరి బడి ఎట్టా నడిపింది?" అంది.

కారులో నేను చెప్పిన జవాబు అతుకుల బొంతలా ఉంది. అందుకే ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతున్నాను.

రోజ్ ఫిలిప్పీన్ దుషేన్ 1769 ఆగస్టు 29న ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో పుట్టింది. తండ్రి న్యాయవాది. తల్లి పెరియే వారి ఆడపడుచు. తరువాతి కాలంలో ఫ్రాన్సుకు ప్రధానమంత్రి అయిన కాజిమీర్ పెరియే ఫిలిప్పీన్‌కు మేనమామ కొడుకు. అమెరికాలోని లూసియానాలో పని చేసి వచ్చిన ఒక జెస్యూట్ (యేసు సభ) గురువు చెప్పిన కథలు చిన్నతనంలోనే ఆమె తలకెక్కాయి. ఊరికి పైన కొండ మీద ఉన్న విజిటేషన్ మఠంలో చదువుకున్న ఈ పిల్ల, 1788లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఊరికే చూసి వద్దామన్నట్టు ఇంటి పెద్దావిడ ఒకరిని తోడు తీసుకుని ఆ మఠానికి వెళ్లి, మరి తిరిగి రాలేదు.

నాలుగేళ్లకు విప్లవ ప్రభుత్వం మఠాలను మూయించింది, ఆ కొండ మీది మఠం చెరసాలగా మారింది. ఫిలిప్పీన్ ఇంటికి వచ్చిందే గాని ఇంట్లో కూర్చోలేదు. ఖైదీలకు తిండి చేరవేయడం, దాక్కుని తిరిగే గురువులను ప్రాణం పోయేవాళ్ల దగ్గరకు తీసుకువెళ్లడం వంటి పనులలో ఆ భయపు సంవత్సరాలు గడిపింది. పరిస్థితులు కుదుటపడ్డాక 1801లో ఆ భవనాన్ని తిరిగి సంపాదించి, చెదిరిపోయిన పాత సోదరీమణులను పోగుచేయాలని చూసింది. వచ్చిన కొద్దిమందీ నిలవలేదు. చివరకు 1804లో, తనకన్నా పదేళ్లు చిన్నదైన మద్లేన్ సోఫీ బారా అప్పటికి నాలుగేళ్ల కిందట స్థాపించిన తిరుహృదయ సభలో చేరింది. ముప్పై అయిదేళ్ల వయసులో, అంతవరకు తానే పెద్దగా ఉన్న ఇంట్లో, ఒక చిన్నదాని మాటకు లోబడి మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టడం అంత తేలిక కాదని నా అభిప్రాయం. ఆమెది మెత్తని స్వభావం కాదు.

అమెరికాకు పంపమని ఆమె అడగడం, వేచి ఉండమని సోఫీ చెప్పడం పన్నెండేళ్లు సాగింది. 1806లో, ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం రాత్రంతా దివ్యసత్ప్రసాదం ఎదుట మేలుకుని, ఆ రాత్రి తన మనసు కొత్త ఖండంలోనే తిరిగిందని సోఫీకి ఉత్తరం రాసింది. 1817లో లూసియానా పీఠాధిపతి (బిషప్) దుబూర్గ్ పారిస్‌కు వచ్చి కన్యాస్త్రీలను అడిగినప్పుడు, సోఫీ ఇంకా వెనకాడుతుంటే, ఆయన వెళ్లిపోయే సమయానికి ఫిలిప్పీన్ గుమ్మం దగ్గర మోకరించి ఒప్పుకోమని బతిమాలుకుంది. సోఫీ ఒప్పుకుంది.

1818 మార్చిలో నలుగురు సోదరీమణులతో కలిసి బోర్డో రేవులో రెబెకా అనే ఓడ ఎక్కి, మే 29న, సరిగ్గా తిరుహృదయ పండుగనాడు, లూసియానా నేల మీద దిగింది. అప్పటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. దారిలో పట్టుకున్న స్కర్వీ జబ్బు న్యూ ఆర్లియన్స్‌లో ఆమెను మంచాన పడేసింది. అక్కడి ఉర్సులైన్ కన్యాస్త్రీలు ఆదుకోకపోతే కథ ఆ వేసవిలోనే ముగిసేదేమో. కొంచెం కోలుకున్నాక మిసిసిపీ నది మీద ఆవిరిపడవలో ఎగువకు ప్రయాణించి, ఆగస్టులో సెయింట్ లూయిస్ చేరింది. సెయింట్ లూయిస్‌లోనే ఉండాలని ఆమె కోరిక. పీఠాధిపతి మాత్రం మిస్సోరీ నది ఒడ్డున ఉన్న సెయింట్ చార్ల్స్ అనే చిన్న ఊరికి పంపాడు. దుంగలతో కట్టిన అద్దె ఇంట్లో, సెప్టెంబరు 14న, మిసిసిపీకి పడమట మొట్టమొదటిదని చెప్పే ఉచిత బాలికల పాఠశాల మొదలైంది.

అమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. ఆ ప్రాంతాన్ని ఫ్రాన్సు అమెరికాకు అమ్మింది 1803లోనే గనుక, సెయింట్ చార్ల్స్‌లో ఇంకా చాలా ఇళ్లలో ఫ్రెంచి వినబడేది. అయితే తూర్పు నుండి ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఏడాదికేడాది వచ్చి పడుతున్నాయి. వయసులో చిన్నవారైన తోటి సోదరీమణులు కొత్త భాష అందుకున్నారు, ఫిలిప్పీన్‌కు అది పట్టుబడలేదు. కాబట్టి వాళ్లు పాఠం చెబితే ఆమె తోట తవ్వింది, ఆవుల పాలు పితికింది, కట్టెలు మోసింది, రోగుల పక్కన రాత్రుళ్లు కూర్చుంది, పిల్లల చిరిగిన బట్టలు కుట్టింది. మఠపెద్ద చేసే పనులలో మాటతో చేసేవి పోగా మిగిలినవన్నీ తన మీద వేసుకుంది. మొదటి చలికాలంలో, పొయ్యి పక్కన ఆరవేసిన తడి బట్టలు కూడా గడ్డకట్టాయని ఆమె ఉత్తరాలలో ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్లో బడి నిలబెట్టలేక ఫ్లోరిసెంట్‌కు తరలవలసి వచ్చింది. ఆ తరలింపులో ఆవులు తాళ్లకు మొరాయించాయనీ, చివరకు మొక్కజొన్న ఆశ చూపి తోలుకుపోయారనీ చెబుతారు.

ఆమె వచ్చింది ఆదివాసీ పిల్లల కోసం, దొరికింది మాత్రం వలస వచ్చినవారి ఆడపిల్లలు. 1825లో ఫ్లోరిసెంట్‌లో కొద్దిమంది ఆదివాసీ బాలికలకు ఒక బడి నడిపింది గాని అది ఎక్కువ కాలం నిలవలేదు. నల్లజాతి, మిశ్రమజాతి పిల్లలను చేర్చుకోవడానికి వీలు లేదని పీఠాధిపతి కరాఖండిగా చెప్పాడు, ఆమె లోబడింది. అంతకన్నా చేదు మాట ఒకటి ఉంది. లూసియానాలోని గ్రాండ్ కొటోలోనూ, మిస్సోరీలోనూ ఈ సభ మఠాలలో బానిసలు ఉన్నారు. మనుషులను కొని, వారి చేత వంట చేయించి, పొలం దున్నించి నడిపిన మఠాలలో ఆమె అమెరికాకు తెచ్చిన సభ పెరిగింది. భక్తి పుస్తకాలు ఈ సంగతిని చాలాకాలం పక్కన పెట్టాయి. సభవారే దానిని తవ్వి తీసి, 2018లో గ్రాండ్ కొటోకు ఆ బానిసల వారసులను పిలిచి వారి పూర్వికులను స్మరించారు. కాలం అటువంటిదని సర్దిచెప్పడం నాకు ఇష్టం ఉండదు. అది తప్పని అదే కాలంలో చెప్పినవారూ ఉన్నారు. మెట్ల కింద తాను పడుకుని పై గదులను ఇతరులకు వదిలిన మనిషి, ఇంకొకరు ఎక్కడ పడుకుంటున్నారో చూడలేకపోయిందా అన్న ప్రశ్న ఆ అర దగ్గర నిలబడినప్పుడు నన్ను వదలలేదు.

మఠాలు మాత్రం పెరిగాయి. సెయింట్ లూయిస్‌లో జాన్ ముల్లాన్‌ఫీ అనే ధనవంతుడు, ఇరవై మంది అనాథ బాలికలను ఎప్పుడూ పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఇంట్లో 1827లో ఒక మఠం వెలిసింది. మూసిన సెయింట్ చార్ల్స్ మఠం 1828లో తిరిగి తెరుచుకుంది. అప్పటికి రెండు రాష్ట్రాలలో కలిపి ఆరు ఇళ్లు. అయినా తన ఉత్తరాలలో ఆమె తనను తాను చేతకానిదానిగానే చెప్పుకుంటుంది, పదవి నుండి తప్పించమని సోఫీని మళ్లీ మళ్లీ అడుగుతుంది. 1840లో ఆ భారం దిగింది.

1823లో బెల్జియం యువకులైన జెస్యూట్లు కొందరు ఫ్లోరిసెంట్‌కు దాదాపు వట్టి చేతులతో వచ్చినప్పుడు, ఈ కన్యాస్త్రీలు తమ పరుపులూ, దుప్పట్లూ, వంటపాత్రలూ తీసి ఇచ్చారు. ఆ కుర్రవాళ్లలో ఒకడైన పీటర్ వెర్‌హేగన్, పద్దెనిమిదేళ్ల తరువాత, కాన్సాస్‌లోని షుగర్ క్రీక్‌కు సోదరీమణులను పంపే సమయంలో, డెబ్బై రెండేళ్లు నిండబోతున్న రోగిష్టి ఫిలిప్పీన్‌ను వదిలి వెళ్లడానికి ఒప్పుకోలేదు. భుజాల మీద మోసుకునైనా తీసుకుపోతామని, ఆమె ప్రార్థనే అక్కడ పని అని పట్టుబట్టాడు.

షుగర్ క్రీక్‌లో ఉన్నది పొటవాటమీ అనే ఆదివాసీ ప్రజలు. 1838లో ఇండియానాలోని వారి ఊళ్ల నుండి సైనికులు తుపాకులు చూపి వారిని తరిమారు. ఎనిమిది వందలకు పైగా మనుషులు రెండు నెలలు నడిచారు. దారిలో నలభై మంది దాకా చనిపోయారు, వారిలో ఎక్కువ మంది పిల్లలు. ఆ నడకకు మరణ మార్గం అని పేరు. 1841 వేసవిలో ఫిలిప్పీన్ చేరేసరికి వారు ఆ కొత్త చోట బతకడం నేర్చుకుంటున్నారు. ఇరవై మూడేళ్లు ఎదురుచూసిన చోటికి చేరిన ఆమెకు పొటవాటమీ భాష ఒక్క ముక్క ఎక్కలేదు. తోటివారు బడి నడుపుతుంటే ఆమె గుళ్లో గంటల తరబడి మోకరించి ఉండేది. వారు ఆమెకు పెట్టిన పేరుకు ఎప్పుడూ ప్రార్థించే స్త్రీ అని అర్థం. పిల్లలు చప్పుడు చేయకుండా వెనకగా వచ్చి ఆమె అంగీ అంచు మీద మొక్కజొన్న గింజలు పెట్టి, గంటల తరువాత వచ్చి చూస్తే గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవని ఒక కథ. గింజలు కాదు, కాగితం ముక్కలు అనేవారూ ఉన్నారు. కథ నిజమైనా కాకపోయినా, ఒక ముసలావిడను పరీక్షించడానికి పిల్లలు పన్నే ఉపాయం మాత్రం ఏ దేశంలోనైనా నమ్మదగిందే. "పొద్దున్నే ఆ గింజలు ఎవరు ఏరారట?" అని అమ్మ అడిగింది.

ఏడాదికే ఆరోగ్యం చెడి, పెద్దల ఆజ్ఞ మీద, 1842లో ఆమెను వెనక్కి తీసుకువచ్చారు. మిగిలిన పదేళ్లు సెయింట్ చార్ల్స్ మఠంలో, గుడి పక్కన ఉన్న చిన్న గదిలో, బట్టలు కుడుతూ, జపమాల చెబుతూ గడిపింది. సోఫీ దగ్గర నుండి ఉత్తరాలు కూడా కొన్నేళ్లు రాలేదు, అదే ఆమెను అన్నిటికన్నా నొప్పించింది. 1847లో సోఫీ, ఫిలిప్పీన్ చెల్లెలి కూతురు ఆమెలీ జూవ్‌ను ఉత్తరం ఇచ్చి పంపినప్పుడు గాని ఆ మౌనం తెగలేదు. 1852 నవంబరు 18న చనిపోయింది. 1988 జూలై 3న రెండవ జాన్ పాల్ పోపు ఆమెకు పునీత పట్టం ఇచ్చారు.

ఫ్లోరిసెంట్ నుండి సెయింట్ చార్ల్స్ వెళ్లాలంటే మిస్సోరీ నది దాటాలి. వంతెన మీద అరనిమిషం పని. బడి ఆవరణలోని గుళ్లో రాతి సమాధి దగ్గర, అక్కడ చూసుకునే ఆవిడ చాలా సేపు ఇంగ్లీషులో వివరిస్తుంటే అమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. బయటికి వచ్చాక చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి, గుంటూరులో సిస్టరమ్మలకు చెప్పాలి, పేరు నెమ్మదిగా పలకమంది. ఫిలిప్పీన్ దగ్గర తడబడలేదు గాని దుషేన్ దగ్గర రెండుసార్లు కొట్టేసి, మూడోసారి రాసి, సరిగా ఉందేమో చూడమని పుస్తకం నా చేతికి ఇచ్చింది.