అవ్వ మానిక, తిక్కన పద్యం

మొన్న కార్తీక సోమవారం తెల్లవారుజామున రంగనాయకుల గుడి దగ్గర పెన్నలో దీపం వదలడానికి పోయాను. ఒకాయన బండి తెచ్చి పూలమ్మే ముసలమ్మ గంపకు అడ్డంగా పెట్టి, తాళం తీసుకుని, గోవిందా అంటూ లోపలికి పోయాడు. మెడలో తులసిమాల. ఆమె ‘అబ్బయా, అబ్బయా’ అని రెండుసార్లు పిలిచి ఊరుకుంది. నేనూ ఊరుకున్నవాణ్ణే, ఆయన్నొక్కణ్ణే అనడమెందుకు. దీపం మీద మాత్రం మనసు నిలవలేదు.

మన నెల్లూరు తిక్కన సోమయాజి పద్యం అందరికీ నోటికొచ్చు:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు, దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఇతరులు ఏం చేస్తే నీ మనసుకు కష్టమో, అది నువ్వు ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మమార్గాలన్నిటికీ ఆధారం అని. బళ్లో అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం, అక్కడితో సరి. ఇందులో నాకు ప్రాణమైన మాట ‘సేయకునికి’. చేయక, ఉనికి. చేయకపోవడం అని అర్థం రాసేస్తాం గానీ, ఉనికి అంటే ఉండటం, కదలకుండా నిలబడటం. లేచిన చెయ్యి లేచినట్టే ఆగడం, నాలుక చివరికొచ్చిన మాట అక్కడే ఉండిపోవడం. దానికెంత బలం కావాలో తమ్ముడితో పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చిన రోజు తెలుస్తుంది. ఇంకోటి చూడండి. ఆయన ‘అధర్మము’ అనలేదు, ‘అప్రియము’ అన్నాడు. అధర్మం ఏదో తేల్చాలంటే శాస్త్రం కావాలి. అప్రియం ఐదేళ్ల పిల్లకీ తెలుసు, జడ లాగితే ఏడుస్తుంది. స్వామి కొలత లోపల పెట్టే పంపాడు.

మనుస్మృతి 2వ అధ్యాయం 6వ శ్లోకంలో ధర్మమూలాలు వేదం, వేదం తెలిసినవాళ్ల స్మృతీ నడవడీ, సాధువుల ఆచారం అని చెప్పి, ఆఖర్న ‘ఆత్మనస్తుష్టిరేవ చ’, అంటే తన మనసుకు తృప్తి కూడా, అన్నారు. ఆ ఆఖరి ముక్కొక్కటీ పట్టుకుని ‘నా మనసుకు తప్పనిపించలేదు’ అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బండాయనకీ అనిపించి ఉండదు! తన తృప్తి చూసుకున్నాడు. తిక్కన చూసుకోమన్నది తన నొప్పిని. ఆ గంప నీదైతే? బండి పక్కకు తీసి పెట్టండి స్వామీ, గోవింద తర్వాత కొడుదురు గానీ.

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. పక్కింటి పిన్ని దగ్గర అరువు తెచ్చిన మానికెడు మొలగొలుకుల బియ్యం తిరిగిచ్చి రమ్మని, మానిక మీద కుప్పగా పోసి నా చేతికిచ్చింది. దారిలో ఆ కుప్ప కాస్తా నోట్లో వేసుకుని పైన సాపు చేశాను. మానిక మానికే కదా, అప్పు తీరిపోయింది. ఇంటికొచ్చేసరికి అవ్వ నా మూతికంటిన తెల్లటి పిండి చూసింది. కొట్టలేదు. ‘రేపు వాళ్లు మనకిట్టా సాపు చేసి పంపితే నీకెట్టుంటదిరా?’ అంది.

ఆ మాటా ఆ పద్యమూ ఒకటేనని ఇంటర్లో గానీ వెలగలేదు. ఎక్కడ నేర్చిందో! గుడి అరుగు మీద పురాణం విన్నదో, వాళ్లమ్మ కొలిచేటప్పుడు చూసిందో. వేదం ఆచారంలోకి దిగి, ఆచారం అవ్వ చేతి మీదుగా మానికలోకి దిగిందనే నేను నమ్ముతాను.

పిడికెడు బియ్యం ఇచ్చి మళ్లీ పంపింది. పిన్ని తలుపు తీసేసరికి గింజలు చెమటకు అరచేతికి అంటుకుపోయాయి. ఒక్కొక్కటే గోటితో తీసి ఆమె చాటలో రాల్చాను.