అమ్మాయి గదికి నీలి బూడిద రంగు

మా పెద్దమ్మాయి తన గది గోడలకు నీలి బూడిద రంగు కావాలంది. గోడకు రంగు వేస్తే కళకళలాడాలి అనుకుంటూ పెరిగిన మా ఇద్దరికీ అది మింగుడుపడలేదు. వీడియో కాల్‌లో షేడ్ చూపిస్తే మా అమ్మ "సిమెంటు పూసి వదిలేసినట్టుంది కదే" అంది. "అది ప్రశాంతంగా ఉంటుంది అమ్మమ్మా, స్కూల్ నుంచి వచ్చాక గోడ కూడా నాతో మాట్లాడక్కర్లేదు" అంది పిల్ల.

ఇలాంటప్పుడు మన ఊరి పద్ధతి, మేముంటున్న ఈ పరాయి దేశపు పద్ధతి అంటూ వాదన మొదలుపెట్టడం తేలిక. నాకైతే ఈ గొడవలో సగం వెలుతురు గురించే అనిపిస్తుంది. ఎండ దంచే చోట లేత రంగులు వెలవెలబోతాయి, ముదురు రంగులే నిలుస్తాయి. మబ్బు పట్టిన ఆకాశం కింద పెరిగే పిల్లల కంటికి అదే ముదురు రంగు అరిచినట్టు ఉంటుంది. పైగా ఫోన్ కెమెరా తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. అమ్మ చూసిన రంగూ, పిల్ల చూసిన రంగూ అసలు ఒకటి కావు.

అందుకని షేడ్ నువ్వే ఎంచుకో, కానీ పరీక్ష పెట్టాకే అన్నాను. పాత పసుపు గోడ మీదే శాంపిల్ పూస్తే మోసపోతాం. పసుపు పక్కన బూడిద రంగు ఉన్నదానికంటే నీలంగా కనిపిస్తుంది. పక్క రంగును బట్టి రంగు మారినట్టు కనబడటం గురించి ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరంగా రాశాడు. (దీన్ని పిల్లల పెంపకానికి అన్వయించి ఒక ఉపన్యాసం ఇద్దామనుకున్నాను. అమ్మాయి మొహం చూసి ఊరుకున్నాను.) పెద్ద తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, అంచు తెల్లగా వదిలి, ఆరాక ఒక్కో గోడకూ ఆనించి చూశాం.

తన గది కిటికీ ఉత్తరానికి ఉంది. ఉత్తరార్ధగోళంలో అటువైపు దాదాపు నేరుగా ఎండ పడదు, ఆకాశం నుంచి వచ్చే నీలపు వెలుతురే దిక్కు. తను ముచ్చటపడిన షేడ్ పగలు మంచుగడ్డలా ఉంది. వెచ్చని పసుపు వెలుగునిచ్చే 2700 కెల్విన్ బల్బు వేయగానే నీలం అణిగిపోయి కాస్త ఆకుపచ్చ తేలింది. "ఇది నేను అడిగిన రంగు కాదు" అని తనే పక్కన పెట్టేసింది. మేము చెబితే వినేదా?

చివరికి కొంచెం వెచ్చదనం కలిసిన షేడ్ దొరికింది. ఎల్‌ఆర్‌వీ 60 దగ్గర. అంటే గోడ ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో చెప్పే అంకె, నలుపుకు 0, తెలుపుకు 100. కింద పసుపు ఉంది కాబట్టి ముందు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తప్పదు. మెరుపు లేని మ్యాట్ పెయింట్ అందంగానే ఉంటుంది గానీ, తమ్ముడి చేతి మరకలు తుడవాలంటే కాస్త మెరిసే శాటిన్ నయం.

కర్టెన్ల దగ్గర మళ్ళీ పేచీ. అమ్మ ఆవపిండి రంగే వేయమంది. రంగుల చక్రంలో నీలానికి ఎదురుగా నారింజ, దాని పక్కనే పసుపు. కాబట్టి ఆ జంట కుదురుతుందని పిల్లే ఒప్పుకుంది, పువ్వులు మాత్రం ఉండకూడదని షరతు పెట్టింది. హాలు పసుపు మాత్రం కదల్లేదు. అక్కడ నా ఓటుకే బలం ఎక్కువ.