పాత ఆయిల్ కొలిచిన రోజు

ఆదివారం, సాయంత్రం

ఇవాళ్టి పని ఒక్కటే: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు. మీటరులో 62,000 కిలోమీటర్లు. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అంటారు. ఎవరి లైఫో మాత్రం చెప్పరు. బండితో వచ్చిన పుస్తకంలో గడువుంటే అదే లెక్క. లేకపోతే మామూలు తిరుగుడుకి 60,000 నుంచి 80,000 మధ్య మార్చాలి. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ, ఘాట్‌లెక్కుతూ, బరువు లాగుతూ తిరిగే బండికి, సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) 40,000–50,000 దగ్గరే మార్చాలి. ఆయిల్‌ని చంపేది దూరం కన్నా వేడి. 120 డిగ్రీలు దాటిన కొద్దీ త్వరగా చెడుతుంది, సీళ్లూ గట్టిపడతాయి.

రంగు చూసి నిర్ణయించడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఎరుపు గోధుమలోకి తిరిగినంత మాత్రాన పాడైనట్టు కాదు. మాడు వాసన వస్తే మాత్రం క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లో ఈ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ లీకై నీళ్లు కలిశాయన్నమాట. అది ఆయిల్ మార్చితే తీరే జబ్బు కాదు.

బండిని నాలుగు స్టాండ్ల మీద సమతలంగా నిలబెట్టాక ముందు విప్పాల్సింది పైన పోసే బోల్టు, కింది డ్రెయిన్ బోల్టు కాదు. పై బోల్టు బిగుసుకుపోయి రాకపోతే, ఖాళీ అయిన గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది.

దిగింది 3.8 లీటర్లు. మొత్తం పట్టేది సుమారు 7.6. మిగతా సగం టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం), గొట్టాల్లో ఉండిపోయింది. అందుకే ఇప్పుడు కొత్తది సగమే. కొన్నాళ్లు తిరిగాక ఇంకోసారి ఇంతే దించి పోస్తే ముప్పాతిక అవుతుంది. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి కడిగించడం కన్నా ఇదే నయం. గేర్‌బాక్స్ అడుగు పళ్లెం (పాన్)లోని అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంది, అది మామూలే. లోహపు పలుకులు దొరికితే లోపల గేర్ల పళ్లో, బేరింగులో పోతున్నట్టు.

దిగినంతే పోసి, కొత్త వాషర్‌తో డ్రెయిన్ బోల్టు బిగించాక అసలు పని లెవెల్ చూడటం. ఇంజన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి, లివర్‌ని ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు ఉంచాలి. చాలా గేర్‌బాక్సులకు ఆయిల్ 35–45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పి, ధార చుక్కల్లోకి మారగానే మూసేయాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువగా కనిపించి ఎక్కువ పోసేస్తాం, నురగ కడుతుంది. మరీ వేడిగా చూస్తే ఆయిల్ వ్యాకోచించి నిండినట్టు కనిపిస్తుంది, నిజానికి తక్కువే ఉంటుంది, గేర్లు జారతాయి.

సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయకూడదు, బెల్టు జారుతుంది. చేత్తో గేర్లు మార్చే మాన్యువల్ గేర్‌బాక్స్‌కి జీఎల్-4 అనే గ్రేడు ఆయిల్ రాసి ఉంటే జీఎల్-5 వద్దు. అందులోని గంధకపు రసాయనాలు కొన్ని గేర్‌బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగుల్ని (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) తినేస్తాయి.

లెక్క: 62,000 దగ్గర 3.8 లీటర్లు. రెండో విడత 63,500 దగ్గర, మళ్లీ అంతే.