1968 అంబాసిడర్ సైలెన్సర్ పని, ఐదో ఆదివారం: టక్ టక్ ఎక్కడిదో దొరికింది

దొరికింది! నెల రోజులుగా నన్ను నిద్రపోనివ్వని ఆ టక్ టక్ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో మొన్న గురువారం సాయంత్రం కళ్ళారా చూశాను. తప్పు పైపుది కాదు. ఈలోగా అదే పైపును రెండుసార్లు కోయించి, రెండుసార్లు అతికించాను.

మాది మార్క్ టూ. తాతయ్య కొన్నది. ఇప్పటికీ ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజినే. పాత సైలెన్సర్‌ను తుప్పు లోపలి నుంచి తినేసింది. మా పాలకొల్లు ఉప్పుగాలి ఒక కారణమైతే, బండి తీసి ఊళ్ళోనే ఒక చుట్టు తిప్పి షెడ్డులో పెట్టేయడం ఇంకా పెద్ద కారణం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పైపులోకే పోతాయి. సైలెన్సర్ బాగా వేడెక్కకముందే ఇంజిన్ ఆపేస్తే ఆ నీళ్ళు అందులోనే నిలిచిపోతాయి. అవి కారిపోవడానికి కొత్తదానికి అడుగున 3 మి.మీ. బెజ్జం వేశాను. మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల గుత్తి) దగ్గర కొత్త ప్యాకింగ్, ఇత్తడి నట్లు వేశాను. లీకు లేదు.

ఇక అసలు సంగతి. మా బండిలో ముందు పైపు కిందికి దిగి, ఎడమ టార్షన్ బార్‌కి (ముందు చక్రానికి స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఇనప కడ్డీ) లోపలి వైపు నుంచి వెనక్కి వెళ్తుంది. కొన్న పైపు బిగించినప్పుడు బార్‌కీ పైపుకీ మధ్య 6 మి.మీ. సందు వచ్చింది. మొదటి గేరు వేసి క్లచ్ వదలగానే టక్ టక్. వంపు కొంచెం కోయించి 9 చేశాను, తగ్గలేదు. మళ్ళీ కోయించి 12 చేశాను. చించినాడ వంతెన ఎక్కుతుంటే మళ్ళీ అదే. వంతెన దిగి దిండి వైపు వెళ్తుంటే మాత్రం శబ్దమే లేదు.

మొదటి అనుమానం వేడి మీద. మానిఫోల్డ్ నుంచి వెనక హ్యాంగర్ (పైపును వేలాడదీసే కొక్కెం) దాకా పైపు 2.2 మీటర్లు. మామూలు ఇనుము మీటరుకి, వంద డిగ్రీల వేడికి 1.2 మి.మీ. పెరుగుతుంది. పైపు సగటున 250 డిగ్రీలు వేడెక్కిందనుకున్నా 6.6 మి.మీ. పెరగాలి. హ్యాంగర్ దగ్గర సుద్దముక్కతో గీత గీసి, అరగంట నడిపి చూస్తే 5 మి.మీ. జరిగింది. లెక్క బాగానే కుదిరింది కానీ ఆ పెరగడమంతా పొడవునా వెనక్కే, పక్కకి కాదు. పైగా తెల్లవారుజామున చల్లటి ఇంజిన్‌తో వాకిట్లో కదిలించినా టక్‌మంది. కాబట్టి వేడి కాదు.

తర్వాత హ్యాంగర్ రబ్బర్లు తీసి కట్టుతీగతో బిగించి చూశాను, తేడా లేదు. గేర్‌బాక్స్ మౌంటింగ్ (దాన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) కింద జాకీ పెట్టి లేపాను, అదీ గట్టిగానే ఉంది.

అప్పుడు కాలవ గట్టు నుంచి బంకమట్టి తెచ్చి, బార్‌కీ పైపుకీ మధ్య ముద్ద చేసి కూరాను. వంతెన దాకా వెళ్ళొచ్చి చూస్తే మట్టిలో పైపు ఆకారం అచ్చు గుద్దినట్టుంది. మధ్యలో మాత్రం మట్టి చీలి, రూపాయి బిళ్ళంత మేర ఇనుము మెరుస్తోంది. అంటే పైపు 12 మి.మీ. పూర్తిగా పక్కకి జరిగి మరీ కొడుతోంది. అంత జరగడానికి పైపు ఒక్కటే కదిలితే చాలదు. దాన్ని ఏదో లాక్కెళ్తోంది.

చాలా ఏళ్ళు అంబాసిడర్లు చూసిన పెద్ద మేస్త్రీ గారికి ఇదంతా చెప్పాను. ఒక్కటే అడిగారు, "రివర్స్‌లో వస్తందాండి?" ఇంటికొచ్చి చూశాను. రాలేదు! ఫోన్ చేసి చెప్తే, "ఆయ్, అయితే పైపుని వదిలేయండి బాబు. ఇంజిన్ ఒరుగుతంది, మౌంటింగ్ చూడండి" అన్నారు.

ముందు గేర్లలో ఇంజిన్ లాగేటప్పుడు దాని ఎడమ పక్క పైకి లేస్తుంది, అడుగు ఎడమకి తోసుకొస్తుంది. రివర్స్‌లో ఇదంతా తిరగబడుతుంది. వంతెన దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం కాబట్టి లాగుడే ఉండదు. ఇన్నాళ్ళూ చెల్లాచెదురుగా ఉన్న గుర్తులన్నీ ఒక్క మాటతో వరసలోకొచ్చాయి.

నాలుగు చక్రాలకీ ముందూ వెనకా దుంగలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరులో క్లచ్ సగం వదిలాను. మా బావ బానెట్ తెరిచి పక్కనుంచి టార్చి కొట్టాడు. ఈ పని చేసేవాళ్ళు బండి ముందు మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి. "బావా, నోరు తెరిచింది చూడు!" అని కేక పెట్టాడు. ఎడమ మౌంటింగ్‌లో రబ్బరు ఇనపరేకు నుంచి పూర్తిగా విడిపోయింది. నిలిపి ఉంచినప్పుడు ఇంజిన్ బరువుకి మూసుకుని కొత్తదానిలా కనిపిస్తుంది. లాగినప్పుడు 14 మి.మీ. తెరుచుకుంటోంది. రబ్బరును వేలితో నొక్కితే నానబెట్టిన శనగలా మెత్తగా ఉంది. మానిఫోల్డ్ వెనక ట్యాపెట్ సైడ్ కవర్ (ఇంజిన్ పక్క మూత) ప్యాకింగ్ నుంచి ఏళ్ళ తరబడి నూనె కారి దాని మీద పడిందని నా నమ్మకం.

రెండు మౌంటింగులూ మార్చాను. మొదట తెచ్చిన జత 5 మి.మీ. పలచగా ఉంటే తిప్పి పంపాను. కొనేటప్పుడు పాతదాన్ని కాదు, బండి మీద ఎత్తు కొలుచుకుని వెళ్ళండి, పాతది ఎలాగూ కుంగిపోయి ఉంటుంది. నట్లన్నీ అంగుళాల కొలతవి. టపారియా అంగుళాల స్పానర్ల సెట్టు తప్ప దీని మీద ఇంకేదీ పెట్టను. 13 నంబరు స్పానరు అర అంగుళం నట్టు మూలలు తినేస్తుంది.

పైపు మొత్తం స్టెయిన్‌లెస్ వేయించమని చాలామంది చెబుతున్నారు. 304 రకం స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, అప్పుడు హ్యాంగర్లన్నీ మళ్ళీ సర్దుకోవాలి. నాకైతే ఇనుమే ఇష్టం. జీఐ (జింకు పూత) పైపు మాత్రం వద్దే వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింకు పొగ మనిషికి మంచిది కాదు.

వచ్చే వారం ట్యాపెట్ కవర్‌కి కొత్త కార్కు ప్యాకింగ్ వేయాలి, లేకపోతే కొత్త రబ్బరుకీ అదే గతి. ఆ తర్వాత వెనక కమాన్లు. నలుగురం ఎక్కితే ఇరుసు మీది పైపు వంపు దగ్గర సందు 34 మి.మీ. నుంచి 12కి దిగుతోంది, స్పీడ్ బ్రేకర్ మీద అంటుకుంటోంది. ఈసారి పైపు కోయను, కమాన్లకి వంపు కొట్టిస్తాను. అవి అయ్యాక వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టాలి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ బంకమట్టి కూరి, బొటనవేలితో నొక్కి, నలుగురం ఎక్కి మూడో గేరులో చించినాడ వంతెన ఎక్కించాం. దిండిలో ఆపి కిందకి వంగి చూశాను. మట్టి మీద నా వేలిముద్ర గీతలతో సహా అలాగే ఉంది.