రెండర్‌లో బాగున్న మోడల్ ప్రింట్‌లో ఎందుకు విరిగిపోతుంది?

3డీ మోడలింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, క్యారెక్టర్ రెండర్‌లో బ్రహ్మాండంగా ఉంది, 3డీ ప్రింటర్‌కి పంపితే మాత్రం చేతులు ఊడిపోయి, తలలో కన్నాలతో వస్తోంది, ఎందుకు?" (రెండర్ అంటే మోడల్‌ని కంప్యూటర్ బొమ్మగా గీసి చూపించడం.) ప్రింటర్ సెట్టింగ్స్ మార్చి మార్చి విసిగిపోయాక అడుగుతారు. చాలాసార్లు సమస్య ప్రింటర్‌లో ఉండదు, మోడల్‌లోనే ఉంటుంది. స్క్రీన్ కోసం చేసిన ఆకారానికి లోపల అంటూ ఏమీ లేదు, ఉన్నదంతా పైపొరే. దాన్ని తీసుకెళ్ళి వస్తువుగా చెయ్యమంటే ఎక్కడ ప్లాస్టిక్ పోయాలో ఎక్కడ వదిలెయ్యాలో ప్రింటర్‌కి ఎలా తెలుస్తుంది?

ఆ పైపొర ఎలా తయారవుతుందో ముందు చూద్దాం, ఎందుకంటే నాకు ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన లెక్క అక్కడే ఉంది. 1978లో ఎడ్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఒక పద్ధతి ప్రచురించారు. ఒక క్యూబ్ తీసుకోండి. ప్రతి ముఖం (అంటే ఒక్కో చదునైన పక్క) మధ్యలో ఒక కొత్త బిందువు పెట్టాలి. ప్రతి అంచుకీ ఒక కొత్త బిందువు, అది ఆ అంచు రెండు చివర్లకీ, అటూ ఇటూ ఉన్న రెండు ముఖాల మధ్యబిందువులకీ సగటు. పాత మూలలు కూడా చుట్టుపక్కలవాటి వైపు కాస్త జరుగుతాయి. ఇంతే, అన్నీ సగటులే! ఒకసారి చేస్తే 6 ముఖాలు 24 అవుతాయి, మళ్ళీ చేస్తే 96, తర్వాత 384, అలా చేస్తూ పోతే పెట్టె నునుపుగా గుండ్రంగా అయిపోతుంది. సరిగ్గా గోళం కాదు, దాదాపు గోళం. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సబ్‌డివిజన్ మాడిఫైయర్ పెట్టిన ప్రతిసారీ వెనక జరిగేది ఇదే.

ఇది యానిమేషన్‌లోకి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. 1995లో వచ్చిన టాయ్ స్టోరీలో ఊడీ అనే బొమ్మ ముఖం చాలా నర్బ్స్ ముక్కల్ని (లెక్కతో గీసిన వంపు ఉపరితలాల్ని) అతికి చేసింది, ముఖం కదులుతుంటే ఆ అతుకులు బయటపడకుండా దాచడం పెద్ద పని అయిందని ఆ సినిమా తీసిన పిక్సార్ వాళ్ళే తర్వాత తమ పేపర్లో రాశారు. 1997లో గెరీస్ గేమ్ అనే చిన్న సినిమాలో ముసలాయన తల, చేతులు, కోటు అన్నీ సబ్‌డివిజన్‌తో చేశారు. ముఖమంతా ఒకటే వల (బిందువులూ అంచులూ కలిసిన మెష్), కాబట్టి ఎంత సాగదీసినా అతుకు విడిపోయే ప్రశ్నే లేదు. నోటి చుట్టూ, కళ్ళ చుట్టూ ఎడ్జ్ లూప్స్ (వరసగా కలిసే అంచులు) ఉంగరాల్లా తిరగాలని మీకు చెప్పేది కూడా ఇందుకే, కండరం సాగే దారిలోనే వల కూడా సాగాలి.

ఇప్పుడు ఇదే ముఖాన్ని ప్రింటింగ్ కోసం ఎస్‌టీఎల్ ఫైల్‌గా సేవ్ చేశారనుకోండి. ఇన్ని సుగుణాలూ పోతాయి. 1987 నాటి ఈ ఫార్మాట్‌లో ఉండేవి త్రిభుజాలు మాత్రమే. ఒక్కోదానికి మూడు మూలలు, బయటివైపు ఎటో చెప్పే ఒక దిశ. ఏ త్రిభుజం దేని పక్కన ఉందో అందులో రాయరు, కొలత మిల్లీమీటర్లో అంగుళాల్లో కూడా రాయరు. మీరు అంగుళాల్లో చేసింది స్లైసర్ (మోడల్‌ని ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) మిల్లీమీటర్లు అనుకుంటే బొమ్మ 25.4 రెట్లు చిన్నదైపోతుంది. (వీలైతే 3ఎమ్‌ఎఫ్ అనే ఫార్మాట్ వాడండి, అందులో కొలత కూడా ఉంటుంది.)

స్లైసర్ చేసే పని ఈ త్రిభుజాల గుట్టని పొరలు పొరలుగా కోసి, ప్రతి పొరలో ఏది లోపల ఏది బయట అని తేల్చడం. అది తేలాలంటే ప్రతి అంచునీ సరిగ్గా రెండు త్రిభుజాలే పంచుకోవాలి. ఒక్క త్రిభుజమే ఉంటే అక్కడ కన్నం ఉన్నట్టు, మూడు ఉంటే లోపలికి ఇంకో గోడ దూరినట్టు. యానిమేషన్ మోడల్స్‌లో ఇవి మామూలే. కనురెప్పల వెంట్రుకలు మందం లేని రేకులు, చొక్కా ఒకే పొర, దంతాలు చిగుళ్ళలోకి ఊరికే గుచ్చి ఉంటాయి. కెమెరాకి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. ప్రింట్‌కి వెళ్ళేముందు మాత్రం బ్లెండర్‌లో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేసి చూడండి, బయటినుంచి చూస్తున్నప్పుడు ఎక్కడా ఎరుపు ఉండకూడదు, ఎర్రగా కనిపించినచోట వల ముఖం లోపలివైపుకి తిరగబడి ఉందని అర్థం. బట్టలకి సాలిడిఫై అనే మాడిఫైయర్‌తో మందం ఇవ్వండి. ప్లాస్టిక్ బయటికొచ్చే మామూలు నాజిల్ కన్నమే 0.4 మిల్లీమీటర్లు, అంతకంటే సన్నటి గోడ చాలాసార్లు ప్రింట్‌లోకే రాదు.

తర్వాత బరువు. స్క్రీన్ మీద చెయ్యి గాల్లో చాచితే పర్వాలేదు, ప్రింటర్‌లో ప్రతి పొరా కింది పొర మీదే ఆనాలి. నిటారు నుంచి సుమారు 45 డిగ్రీలకంటే ఎక్కువ వాలితే సపోర్ట్స్ (తర్వాత తీసేసే ఆసరాలు) పెట్టాల్సిందే. 2023లో సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో 3డీ ప్రింటింగ్‌తో కట్టిన గుడిలో వినాయకుడి గర్భగుడి మోదకం ఆకారంలో ఉంటుంది, ఆ లోపలికి వంగే వాలు చూసినప్పుడు నాకు ముందు తట్టింది ఈ లెక్కే. పచ్చి కాంక్రీట్ పొర మీద ఇంకో పొర కొంచెం లోపలికి జరిపి వెయ్యాలి, కింది పొర గట్టిపడకముందే పైది వేస్తే కూలుతుంది, మరీ ఆలస్యమైతే రెండూ సరిగా పట్టుకోవు.

యానిమేషన్, ప్రింటింగ్ అనే ఈ రెండు ప్రపంచాలూ ఒకే వస్తువులో కలిసినచోటు చూడాలంటే అమెరికాలోని ఒరెగాన్‌లో ఉన్న లైకా స్టూడియో పని చూడండి. వాళ్ళది స్టాప్ మోషన్, బొమ్మల్ని చేత్తో కదిలిస్తూ ఒక్కో ఫ్రేమ్ ఫోటో తీస్తారు. 2009లో వచ్చిన కొరలైన్ సినిమా కోసం ముఖాల్ని ముందు కంప్యూటర్‌లో యానిమేట్ చేసి, ఒక్కో హావభావాన్నీ విడివిడిగా ప్రింట్ చేసి, రంగులు చేత్తో వేశారు. 2012 నాటి పారానార్మన్ సినిమాకి వచ్చేసరికి రంగులతో సహా ప్రింటరే ఇచ్చింది. ఈ పద్ధతికి 2016లో అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది. ముఖాన్ని కళ్ళ దగ్గర రెండు ముక్కలు చేస్తారు, కనుబొమల ముక్క వేరు, నోటి ముక్క వేరు, రెండిటినీ అయస్కాంతాలతో తలకి తగిలిస్తారు, మధ్యలో కనిపించే గీతని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు. అంటే ఆ మోడలర్ బయటివైపు నవ్వు సహజంగా సాగేలా వల అల్లాలి, లోపలివైపు ప్రతి ముఖమూ అదే తలకి, అదే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేలా చెయ్యాలి. కూర్చోకపోతే తెర మీద ముఖం వణుకుతుంది.