సూఫ్లీలో నా ఫోను గంట ముందుకెళ్ళింది

మార్చి మొదటివారంలో గ్రీసులోని అలెగ్జాండ్రోపోలి నుంచి బస్సెక్కి, టర్కీ సరిహద్దు పక్కనున్న సూఫ్లీ వెళ్ళాను. పట్టు మ్యూజియం చూసి, కాఫీ తాగుతూ ఫోనులో టైము చూసుకుని ఉలిక్కిపడ్డాను. తిరుగు బస్సుకు ఐదు నిమిషాలే ఉంది! పరుగెత్తుకుంటూ వెళ్తే బస్సూ లేదు, జనమూ లేరు. ఒకటే టెన్షన్. టికెట్లిచ్చే పెద్దాయన నా ఫోను చూసి నవ్వి, తూర్పువైపు చెయ్యి చూపించాడు. "తుర్కియా!"

అప్పుడు వెలిగింది. ఫోను సరిహద్దు నది అవతలి టర్కీ నెట్‌వర్కును పట్టుకుంది. గ్రీసులో చలికాలం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, టర్కీలో 2016 నుంచి తిప్పరు. అందుకే మార్చిలో వాళ్ళు గ్రీసుకన్నా గంట ముందుంటారు. (రోమింగ్ బిల్లు సంగతి అడక్కండి.)

మిగిలిపోయిన గంటలో ఊరి వెనక గుట్ట ఎక్కాను. సూఫ్లీ మొత్తం ప్రొఫితిస్ ఇలియాస్ గుట్టకు తూర్పువాలున ఉంది. కింద రైలుపట్టాలు, దాటితే పొలాలు, ఆపైన ఎవ్రోస్ నది. బల్గేరియావాళ్ళకు అదే మరిత్సా, టర్కీవాళ్ళకు మెరిచ్. ఒడ్డుదాకా పోదామంటే కుదరదు, సైన్యం నిషేధించిన ప్రాంతం.

మ్యూజియంలో చదివింది పైనుంచి చూస్తేగానీ బుర్రకెక్కలేదు. ఒట్టోమాన్ల కాలంలో రెండు ఒడ్లూ ఒకే రాజ్యం. సూఫ్లీవాళ్ళ మల్బరీ తోటలు చాలావరకు అవతలి ఒడ్డునే ఉండేవి. 1923లో లోజాన్ ఒప్పందంతో నది సరిహద్దయింది. చెట్లు అటు, పురుగులు ఇటు.

ఆకు పోతే ఏమవుతుందో పట్టుపురుగుల్ని పెంచినవాళ్ళకే తెలుస్తుంది. నాలుగుసార్లు కుబుసం విడిచాక, గూడు కట్టేముందు వారం రోజుల్లోనే పురుగు తన జన్మలో తినే ఆకులో ముప్పాతికకు పైగా తినేస్తుంది. అదీ రోజుకు చాలాసార్లు, వాడిపోని ఆకు పెట్టాలి. పాస్‌పోర్టు చూపించి తెచ్చుకునే సరుకు కాదది.

అయినా పని ఒక్కసారిగా ఆగిపోలేదు. ఇవతల చెట్లు నాటుకున్నారు, మిల్లులు నడిచాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చవక కృత్రిమ దారం వచ్చి అసలు దెబ్బ కొట్టింది. ఇప్పుడు మిగిలినవి కొన్ని దుకాణాలు, "కుకులోస్పిత" అనే పట్టుగూళ్ళ ఇళ్ళు. పై అంతస్తులో ఎత్తయిన పెద్ద గదులు పురుగుల తట్టలకు, మిగిలిన చోట సంసారం. మ్యూజియం ఉన్నది 1883లో కుర్తిదిస్ అనే డాక్టరు కట్టించుకున్న మేడలో. నాకైతే ఆ మేడకన్నా సందుల్లో పెచ్చులూడుతున్న కుకులోస్పితలే నచ్చాయి.

దిగి వస్తూ ఒక దుకాణంలో స్కార్ఫు కొన్నాను.

"ఈ దారం ఇక్కడిదేనా?" అని అడిగాను.

ఆమె మడత పెడుతూ, "నేసింది ఇక్కడే" అంది.